జార్ మూత తీసి పెడితే క్యూరింగ్ అయిపోదు: కోసిన గంజాయి పువ్వులో నీళ్ల లెక్క

"జార్ మూత తీసి ఓ ఐదు నిమిషాలు ఉంచండి, మళ్లీ పెట్టేయండి, రోజుకి రెండుసార్లు, రెండు వారాల పాటు." ఇంట్లో పెంచుకున్న గంజాయి కోశాక ఏం చేయాలని ఎవర్నడిగినా ముందు వచ్చే సలహా ఇదే. ఎందుకలా అని అడిగితే మాత్రం ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తారు. గాలి తగలాలని ఒకరు, తేమ పోవాలని ఇంకొకరు, క్యూరింగ్ చేస్తే (ఆరిన పువ్వుని జార్‌లో పెట్టి మెల్లగా మగ్గనిస్తే) మత్తు పెరుగుతుందని మరొకరు. వీటిలో మొదటిది నిజమే, రెండోది మనం అనుకున్నంత నిజం కాదు, మూడోది అసలు నిజం కాదు. ఆ మూత తీసి పెట్టడం వల్ల ఎంత నీరు పోతుందో లెక్కేస్తే నవ్వొస్తుంది, ఆ లెక్క కాసేపట్లో చేద్దాం.

ఇదంతా చట్టం ఒప్పుకున్న చోట పెంచుకునేవాళ్ల గొడవ అని ముందే చెప్పేస్తున్నా. కెనడాలో 2018 అక్టోబర్ నుంచి దేశ చట్టం ఇంటికి 4 మొక్కల దాకా ఒప్పుకుంటుంది, కొన్ని ప్రావిన్సుల్లో రూల్స్ వేరే ఉన్నాయి. జర్మనీలో 2024 ఏప్రిల్ నుంచి పెద్దవాళ్లు మనిషికి 3 మొక్కలు పెంచుకోవచ్చు, ఎండు సరుకు ఇంట్లో 50 గ్రాముల దాకా ఉంచుకోవచ్చు, అదీ పిల్లల చేతికి అందకుండా. ఇండియాలో అయితే మత్తు పదార్థాల మీద వచ్చిన 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కింద లైసెన్స్ లేకుండా మొక్క పెంచడమే నేరం, కాబట్టి అక్కడ జార్ దాకా వచ్చే ప్రశ్నే లేదు.

సరే, విషయానికొద్దాం. అప్పుడే కోసిన పువ్వులో నాలుగింట మూడొంతులు నీళ్లే, ఇంకాస్త ఎక్కువే అనుకోండి. 100 గ్రాముల పచ్చి పువ్వులో 78 గ్రాములు నీళ్లుంటే గట్టి పదార్థం 22 గ్రాములే, అందులో చివరికి 11 శాతం తేమ మిగిలేలా ఆరబెడితే చేతికొచ్చేది 25 గ్రాముల లోపు. అంటే 75 గ్రాముల పైన నీళ్లు బయటికి పోవాలి. ఇందులో చాలా వరకు మొదటి మూడు నాలుగు రోజుల్లోనే పోతుంది, ఎవరు ఏం చేసినా చేయకపోయినా పోతుంది. చివర్లో మిగిలే ఆ నాలుగైదు గ్రాముల దగ్గరే కథంతా. అది ఎంత మెల్లగా పోయింది, లోపలా బయటా సమానంగా పోయిందా లేదా అన్నదాన్ని బట్టే పువ్వు బాగుందా, పాడైందా, ఎండుగడ్డి వాసనొస్తుందా అన్నది తేలుతుంది.

పువ్వు అంటాం గానీ అది ఒక పువ్వు కాదు, వందల చిన్న పూలు కాడ చుట్టూ గట్టిగా అతుక్కుని ముద్దలా ఉంటాయి. పైన ఉన్న రేకలకి గాలి తగుల్తుంది కాబట్టి అవి గంటల్లో ఆరతాయి, మధ్యలో కాడలో ఉన్న నీరు మాత్రం బయటికి రావాలంటే ఆ ముద్దంతా దాటుకుని రావాలి. ఫ్యాను నేరుగా పెట్టేసి, గది వేడి చేసి తొందరపెడితే పై పొర ముందే ఎండిపోయి గట్టిపడిపోతుంది, దాంతో లోపలి నీటికి దారి మూసుకుపోయినట్టవుతుంది. చేత్తో పట్టుకుంటే పెళపెళలాడుతుంది, ఆహా ఆరిపోయింది అనుకుని జార్‌లో వేసి మూత బిగిస్తారు, మర్నాడు చూస్తే పువ్వు మళ్లీ మెత్తగా, చెమ్మగా ఉంటుంది. ఎవరూ నీళ్లు పోయలేదు, లోపలున్న నీరే బయటికొచ్చి అంతటా సర్దుకుంది అంతే. కలప ఆరబెట్టేవాళ్లకి, ఆహారం ఎండబెట్టేవాళ్లకి ఈ తంతు బాగా తెలుసు.

అందుకే ఆరబెట్టే గది చల్లగా, చీకటిగా, కొంచెం తేమగానే ఉండాలంటారు. 15 నుంచి 20 డిగ్రీల సెల్సియస్ మధ్య, గాలిలో తేమ 55–60 శాతం, గాలి కదులుతూ ఉండాలి కానీ పువ్వు మీదకి నేరుగా కొట్టకూడదు. ఇలా అయితే 10 నుంచి 14 రోజులు పడుతుంది. ఫారెన్‌హీట్ లెక్కలో 60 డిగ్రీలు, 60 శాతం తేమ అని పెంపకందార్లు గుర్తుపెట్టుకునే సూత్రం ఒకటుంది, అది ఇదే (60 ఫారెన్‌హీట్ అంటే పదిహేనున్నర సెల్సియస్). అదేమీ దైవవాక్కు కాదు. పువ్వు చిన్నగా పలచగా ఉంటే త్వరగా ఆరుతుంది, ఆకులన్నీ ముందే కత్తిరించేసి వేలాడదీస్తే ఇంకా త్వరగా, ఆకులు ఉంచేసి కొమ్మ మొత్తం తలకిందులుగా వేలాడదీస్తే మెల్లగా. గాలి బాగా పొడిగా ఉన్నచోట ఆకులు ఉంచేయడం మంచిది, అవి ముడుచుకుని పువ్వుకి దుప్పటి కప్పినట్టు పనిచేస్తాయి. చెమ్మగా ఉన్నచోట అదే దుప్పటి బూజుకి ఇల్లవుతుంది, అక్కడ ముందే తీసేయాలి. దీని మీద జనం కొట్టుకోవడం చూస్తే ముచ్చటేస్తుంది, ఇద్దరూ కరెక్టే, ఇద్దరి గదులు వేరు.

మరి ఆరిందని ఎప్పుడు తెలుస్తుంది? సన్న కాడని వంచితే పటుక్కున విరగాలి అంటారు. పర్లేదు, పనికొస్తుంది, కానీ కాడ మందం బట్టి, వంచే చెయ్యి బట్టి జవాబు మారిపోతుంది. నాకైతే వంటింటి డిజిటల్ కాటా మీదే నమ్మకం ఎక్కువ. కోసిన రోజు ఒక కొమ్మకి గుర్తు కట్టి తూచి రాసిపెట్టుకోండి, దాని బరువు పావు వంతు చుట్టుపక్కలకి దిగిందంటే జార్‌కి దగ్గరపడ్డట్టు. లావు కాడలున్న కొమ్మ అయితే కాస్త తేడా వస్తుంది, కానీ వేళ్లతో నొక్కి చూసి ఊహించడం కంటే వంద రెట్లు నయం.

ఇప్పుడు అందరూ గజిబిజి పడే చోటికొచ్చాం. తేమ శాతం ఒకటి, వాటర్ యాక్టివిటీ ఇంకొకటి. తేమ శాతం అంటే పువ్వులో మొత్తం ఎంత నీరుంది అని. వాటర్ యాక్టివిటీ అంటే ఆ నీటిలో ఎంత స్వేచ్ఛగా ఉంది, బూజు తాగడానికి ఎంత దొరుకుతుంది అని. తాళం వేసిన బీరువాలో డబ్బూ, జేబులో డబ్బూ రెండూ మీవే అయినా జేబుదొంగకి పనికొచ్చేది జేబులోదే కదా, అలా. దీన్ని 0 నుంచి 1 దాకా కొలుస్తారు, స్వచ్ఛమైన నీళ్లు 1. మామూలు బూజులకి 0.70 పైన కావాలి, పొడిని బాగా తట్టుకునే కొన్ని మొండి రకాలు 0.61 దగ్గర కూడా మెల్లగా పాకగలవు, బ్యాక్టీరియాలో ఎక్కువ భాగానికి 0.90 పైన ఉంటేనే బతుకు. ఏఎస్‌టీఎం అనే ప్రమాణాల సంస్థ ఎండిన గంజాయి పువ్వుకి 0.55 నుంచి 0.65 మధ్య ఉండాలని పెట్టింది. కింది గీత దాటితే పువ్వు పెళుసైపోయి పొడి రాలుతుంది, పై గీత దాటితే బూజు గుమ్మంలో నిలబడినట్టే.

వాటర్ యాక్టివిటీ కొలిచే మిషన్ ల్యాబుల్లో ఉంటుంది, ఖరీదు ఎక్కువ. కానీ ఇంట్లో అదే పని దాదాపు ఊరికే అవుతుంది, ఎలాగంటే మూత బిగించిన జార్‌లో పువ్వూ గాలీ కొన్ని గంటలకి ఒక ఒప్పందానికి వస్తాయి, పువ్వులోంచి వెళ్లే నీరూ తిరిగొచ్చే నీరూ సమానమవుతాయి, అప్పుడు జార్‌లో గాలి తేమ ఎంతుందో దాన్ని వందతో భాగిస్తే అదే వాటర్ యాక్టివిటీ. జార్ లోపల హైగ్రోమీటర్ అనే గాలి తేమ కొలిచే చిన్న మీటర్ పడేస్తే, 24 గంటల తర్వాత అది 62 చూపిస్తే మీ పువ్వు 0.62 దగ్గరుంది. ఇంతే. ఈ ఒక్క సంగతి తెలిస్తే సగం సలహాలు అక్కర్లేదు.

కాకపోతే చవక హైగ్రోమీటర్లు నాలుగైదు పాయింట్లు అటూ ఇటూ అబద్ధం చెప్తాయి, మన వ్యవహారమంతా ఆ నాలుగైదు పాయింట్లలోనే ఉంది. కాబట్టి ముందు దానికి పరీక్ష పెట్టాలి. చిన్న మూతలో ఉప్పు పోసి, తడిసిన ఇసుకలా అయ్యేంత వరకు మాత్రమే కాసిని నీళ్లు చల్లి, దాన్నీ హైగ్రోమీటర్‌నీ కలిపి ఒక జార్‌లో పెట్టి మూత బిగించి రాత్రంతా వదిలేయండి. ఉప్పు ఇంకా కరగకుండా మిగిలున్నంత సేపు మామూలు గది వేడిలో ఆ గాలి తేమ 75 శాతమే ఉంటుంది, అది ఉప్పు స్వభావం. మీటర్ 79 చూపిస్తే అది 4 ఎక్కువ చెప్తోందని దాని మీదే రాసిపెట్టుకోండి.

ఇక మూత లెక్క. ఒక లీటరు జార్, అందులో 30 గ్రాముల పువ్వు, తేమ 15 శాతం ఉంది అనుకుందాం, దాన్ని 12కి దించాలి. అంటే దాదాపు 1 గ్రాము నీరు పోవాలి, 1000 మిల్లీగ్రాములు. 25 డిగ్రీల దగ్గర ఒక లీటరు గాలి పూర్తిగా తడిసినా పట్టుకోగలిగేది 23 మిల్లీగ్రాముల నీటి ఆవిరే. జార్‌లో గాలి 70 శాతం దగ్గరుంటే అందులో ఉండేది 16 మిల్లీగ్రాములు, బయట గది 50 శాతం దగ్గరుంటే ఆ గాలిలో పదకొండున్నర. మూత తీసి జార్‌లో గాలంతా పూర్తిగా మార్చేసినా మీరు బయటికి పంపింది ఐదు మిల్లీగ్రాముల లోపు. ఒక్క గ్రాము పోవాలంటే అలా 200 సార్లకి పైనే మార్చాలి! రోజుకి రెండుసార్లు చొప్పున వంద రోజుల పైనే. మూత ఎక్కువ సేపు తెరిచి ఉంచితే పువ్వు మళ్లీ మళ్లీ ఆవిరి వదుల్తూ ఉంటుంది కాబట్టి ఇంకొంత ఎక్కువ పోతుంది, అది ఒప్పుకుంటా, కానీ టక్కున తీసి టక్కున పెట్టడం వల్ల తేమ విషయంలో జరిగేది దాదాపు ఏమీ లేదు.

అందుకని మీటర్ 70 దాటి చూపిస్తుంటే మూత తీసి పెడుతూ కూర్చోకండి. పువ్వులన్నీ బయటికి తీసి కాగితం మీద పలచగా పరిచి కొన్ని గంటలు ఆరనిచ్చి మళ్లీ జార్‌లో వేసి మర్నాడు చూడండి, అవసరమైతే ఇంకోసారి. 65–70 మధ్య ఉంటే మూత పూర్తిగా తీసి రెండు మూడు గంటలు వదిలేస్తే చాలు. 58–62 దగ్గర స్థిరపడిందా, ఇక దాన్ని ఊరికే కెలక్కుండా వదిలేయొచ్చు. 55 కిందకి పోయిందంటే ఎక్కువ ఎండింది, తేమ సర్దే ప్యాకెట్లు వేస్తే మెత్తదనం తిరిగొస్తుంది, పోయిన వాసన రాదు. నారింజ తొక్కో, పచ్చి ఆకో జార్‌లో వేసి తేమ తెప్పించే పాత చిట్కా ఒకటుంది, దయచేసి వద్దు, అది తేమతో పాటు బూజు గింజల్ని కూడా కానుకగా తెస్తుంది.

అయితే మూత తీయడం దండగేనా అంటే కాదు. మొదటి వారం రెండు వారాల్లో పువ్వు ఇంకా కొంచెం ఆక్సిజన్ వాడుకుంటూ ఉంటుంది, జార్‌లో గాలి తాజాగా ఉంటే ఆక్సిజన్ లేనిచోట పెరిగే బ్యాక్టీరియాకి అవకాశం దొరకదు. అంతకంటే ముఖ్యం, మూత తీయగానే మీ ముక్కు పనిచేస్తుంది. ఆ మొదటి ఊపిరిలో అమ్మోనియా ఘాటు తగిలితే లోపల బ్యాక్టీరియా పని మొదలెట్టిందని, పువ్వు బాగా తడిగా జార్‌లోకి వెళ్లిందని అర్థం. ముక్కిపోయిన వాసనొస్తే బూజు. మీటర్ కంటే ముందు ముక్కు చెప్పేస్తుంది చాలాసార్లు.

బూజు దగ్గర కాస్త గట్టిగా చెప్పాలి. బూడిద రంగు బూజు, బోట్రైటిస్ అంటారు, అది తరచూ పువ్వు మధ్యలో కాడ దగ్గరే మొదలవుతుంది, పైకి పువ్వు బంగారంలా ఉంటుంది, విప్పి చూస్తే లోపల గోధుమ రంగు పొడి. కాబట్టి లావు పువ్వుల్ని జార్‌లో వేసే ముందు ఒకట్రెండు విప్పి చూడటం నష్టం కాదు. ఆస్పర్‌జిల్లస్ ఇంకో రకం, దాని గింజలు, అంటే స్పోర్లు, ఊపిరితిత్తుల్లోకి వెళ్తే రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకి, కీమో తీసుకుంటున్నవాళ్లకి, అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్లకి ప్రాణాంతకం కావచ్చు. కాల్చితే చచ్చిపోతాయిలే అనే మాట నమ్మకండి, పొగతో పాటు లోపలికి వెళ్తాయి. బూజు పట్టిన భాగం కత్తిరించి మిగతాది ఉంచుకోవడం కూడా తప్పే, కంటికి కనిపించే మచ్చ చుట్టూ కనిపించని దారాలు అప్పటికే పాకి ఉంటాయి. మొత్తం పారేయాలి, మనసు రాకపోయినా.

ఇంతకీ క్యూరింగ్ అంటే లోపల జరిగేదేంటి? ఈ మాట గంజాయి పెంచేవాళ్లు పొగాకు నుంచి అప్పు తెచ్చుకున్నారు. పొగాకు ఆకు కోశాక కూడా కణాలు కొన్నాళ్లు బతికే ఉంటాయి, ఉన్న పిండి పదార్థాన్ని చక్కెరగా మార్చుకుంటాయి, దాన్ని ఖర్చు పెట్టుకుంటాయి, పచ్చదనాన్నిచ్చే క్లోరోఫిల్ విరిగిపోయి ఆకు పసుపెక్కుతుంది. గంజాయి పువ్వులోనూ ఇలాంటిదే, మెల్లగా ఆరితే ఎంజైములకి పనిచేసే టైమ్ దొరుకుతుంది, పచ్చివాసన తగ్గుతుంది, గొంతులో గరగర తగ్గుతుంది అని పెంపకందార్ల అనుభవం. గమనించండి, ఈ పనులన్నిటికీ నీరు కావాలి. అంటే అసలు మార్పు ఎక్కువ భాగం వేలాడదీసిన ఆ పదీ పన్నెండు రోజుల్లోనే జరిగిపోతుంది, జార్‌లోకి వచ్చేసరికి మిగిలేది తోక. రెండు రోజుల్లో గబగబా ఎండబెట్టేసి ఆ తర్వాత రెండు నెలలు జార్‌లో పెట్టి బాగుచేద్దామంటే కుదరకపోయేది అందుకే.

మత్తు సంగతి. మొక్కలో ఉండేది మత్తెక్కించే టీహెచ్‌సీ కాదు, ఎక్కువ భాగం టీహెచ్‌సీఏ అనే ఆమ్లం. వేడి తగిలితే అందులోంచి కార్బన్ డయాక్సైడ్ పోయి టీహెచ్‌సీ అవుతుంది, బరువులో 87.7 శాతం మిగుల్తుంది, ల్యాబ్ రిపోర్టుల్లో 0.877 అనే గుణకం కనిపించేది అందుకే. గది వేడిలో జార్‌లో ఈ మార్పు చాలా నెమ్మది. కోశాక మొక్క కొత్తగా టీహెచ్‌సీఏ తయారుచేసి జార్‌లో పోగుచేయదు. క్యూర్ చేసింది బలంగా అనిపిస్తే దానికి ఒక మామూలు కారణం ఉండొచ్చు, నీళ్లు తగ్గితే అదే గ్రాములో మిగతా పదార్థం ఎక్కువవుతుంది కదా.

వాసన విషయంలో చేదు నిజం ఏంటంటే ఆరబెట్టడమంటేనే వాసన పోగొట్టుకోవడం. వాసననిచ్చే పదార్థాల్ని టెర్పీన్లు అంటారు, వాటిలో మిర్సీన్ లాంటి తేలికవి ముందు ఎగిరిపోతాయి, క్యారియోఫిలీన్ లాంటి బరువైనవి ఆగుతాయి, కాబట్టి వాసన తగ్గడమే కాదు, దాని స్వభావమే మారుతుంది. 1996లో మిసిసిపీ యూనివర్సిటీ పరిశోధకులు పచ్చి పువ్వు నుంచి వచ్చే, ఆవిరయ్యే వాసన నూనె కొలిస్తే 0.29 శాతం వచ్చింది, వారం ఆరబెట్టాక 0.20, మూడు నెలలు ఉంచాక 0.13. అంటే వారంలో మూడో వంతు దాకా గోవిందా, మూడు నెలలకి సగం పైన. ఇదంతా నష్టాల కథే అనుకుంటుంటే 2021లో ఒక తమాషా తేలింది, గంజాయికున్న ఆ స్కంక్ (కంపు చిమ్మే ఓ జంతువు) లాంటి ఘాటు వాసన టెర్పీన్లది కాదు, గంధకం ఉన్న కొన్ని అణువులది, ఎండ తగిలి చెడిన బీరులో వచ్చే కంపు ఏ అణువుదో వాటిలో ముఖ్యమైనదీ అదే. అవి పూత చివర్లో పెరుగుతూ వచ్చి క్యూరింగ్ టైమ్‌లో శిఖరానికి చేరి, తర్వాత కొద్ది రోజుల నిల్వలోనే బాగా పడిపోయాయట. క్యూరింగ్‌లో వాసన పుంజుకుంటుందని పాతవాళ్లు చెప్పేది మరీ గాలిమాట కాదన్నమాట.

నిల్వకి శత్రువులు వెలుగు, వేడి, గాలి. వీటిలో వెలుగు అందరికంటే దుర్మార్గం. 1976లో లండన్‌లో ఫెయిర్‌బెర్న్, ఆయనతో పనిచేసినవాళ్లు దీన్నే పరీక్షించారు, వెలుగే పెద్ద దొంగ అని తేలింది, జాగ్రత్తగా తయారుచేసి చీకట్లో పెడితే గది వేడిలో కూడా ఒకట్రెండేళ్లు పర్లేదనిపించింది. అయినా తరుగు ఆగదు, మిసిసిపీ వాళ్లే గది వేడిలో ఉంచిన నమూనాలు చూస్తే టీహెచ్‌సీ మొదటి ఏడాది 16.6 శాతం, నాలుగేళ్లకి 41.4 శాతం తగ్గింది. తగ్గినదాంట్లో కొంత సీబీఎన్ అనేదిగా మారుతుంది, అందుకే ఈ రెండిటి నిష్పత్తి చూసి సరుకు వయసు అంచనా వేస్తారు. షోకేసులో గాజు జార్లు వరసగా పెట్టి అందంగా చూపించుకునేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది, చూడ్డానికి బాగానే ఉంటుంది, పాడు చేయడానికి అంతకంటే మంచి పద్ధతి లేదు.

గాజు జార్, గోధుమ రంగుదైతే ఇంకా మంచిది, లేకపోతే మామూలుదే అల్మరాలో, తాళం ఉన్న అల్మరాలో. జార్ ముప్పావు వంతు నింపడం మొదట్లో సరే, పువ్వులు నలక్కుండా కలపడానికి వీలుంటుంది, కానీ క్యూరింగ్ అయిపోయి దాచేటప్పుడు పైన గాలి ఎంత తక్కువుంటే అంత మేలు, సగం ఖాళీ అయిన పెద్ద జార్ నుంచి చిన్న జార్‌కి మార్చేయండి. ప్లాస్టిక్ కవర్లలోంచి వాసన మెల్లగా బయటికి పోతుంది, పైగా స్థిర విద్యుత్తుకి ట్రైకోమ్స్, అంటే ఆ మెరిసే జిగురు గ్రంథులు, కవర్ గోడకి అతుక్కుపోతాయి. వ్యాక్యూమ్ ప్యాకింగ్ గాలిని తీసేస్తుంది కానీ పువ్వుని నలిపేస్తుంది.

ఫ్రీజర్ మీద రెండు వర్గాలున్నాయి. చల్లదనం తరుగుని నెమ్మదింపజేస్తుంది, అది ఖాయం. గడ్డకట్టిన ట్రైకోమ్స్ గాజు ముక్కల్లా పెళుసవుతాయి, అదీ ఖాయం, అప్పుడు ఆ జార్‌ని కదిపితే చాలు తలలు రాలిపోతాయి. ఏడాది పైన ముట్టుకోకుండా దాచేదైతే ఫ్రీజర్ బాగుంది, వారానికోసారి తీసి వాడేదైతే వద్దు. ఇంకోటి, ఫ్రీజర్లోంచి తీయగానే మూత తెరిస్తే గదిలోని తేమంతా ఆ చల్లటి పువ్వు మీద మంచులా పడుతుంది, మీరు రెండు వారాలు కష్టపడి దించిన తేమ కాస్తా రెండు నిమిషాల్లో పైపైన తిరిగొచ్చేస్తుంది. జార్ గది వేడికి వచ్చేదాకా, రాత్రంతా అయినా సరే, మూత ముట్టుకోకండి.